టెక్స్-మెక్స్ వంట పుట్టుపూర్వోత్తరాలు

ఒక ప్రాంతపు చరిత్ర రాయబూనినప్పుడు చరిత్రకారులు కోటలను, శాసనాలను, నాణేలను గాలించినంత శ్రద్ధగా వంటిళ్ళను గాలించరు. తిండి చరిత్ర అనగానే అదేదో భోజనప్రియుల కాలక్షేపమని కొట్టివేసేవారు మనలోనూ ఉన్నారు. కాని మనిషి శ్రమలో అత్యధిక భాగం తరతరాలుగా ఖర్చయింది తిండి కోసమే గదా! ఈ పదార్థాన్ని ఎవరు పండించారు? ఎవరు వండారు? ఎవరు తిన్నారు? చివరికి డబ్బు ఎవరి పెట్టెలో చేరింది? ఈ నాలుగు ప్రశ్నలు వేసి చూస్తే ఏ వంటకమైనా తన కాలపు సమాజం గుట్టు బయటపెడుతుంది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెక్సస్‌లో, మెక్సికన్ సంతతి ప్రజల మధ్య రూపొందిన వంటను ఈనాడు టెక్స్-మెక్స్ అంటున్నారు. ఎండుమిరప, జీలకర్ర దట్టించి ఉడికించిన గొడ్డుమాంసం. సున్నపు నీటిలో ఉడకబెట్టి రుబ్బిన మొక్కజొన్న పిండితో చేసే టోర్టియా రొట్టెలు. గోధుమపిండితో చేసే మరొక రకం రొట్టెలు. ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలు. అన్నిటి మీదా కరిగి పారే పసుపుపచ్చని చీజు. స్థూలంగా ఇదీ దాని స్వరూపం.

ఈ వంటకు వ్యతిరేకంగా వేర్వేరు కాలాలలో రెండు తీర్పులు వెలువడ్డాయి. ఇది మురికి తిండి అన్నది మొదటిది. ఇది అసలైన మెక్సికన్ వంట కాదు, కల్తీ సరుకు అన్నది రెండవది. పైకి ఈ రెండింటికీ సంబంధం లేనట్టే ఉంటుంది. కాని తీర్పు చెప్పినవారు ఎవరో, తీర్పువల్ల నష్టపోయినవారు ఎవరో విచారిస్తే రెండూ ఒకే గూటి పక్షులని తేలుతుంది. ఆ విచారణే ఈ వ్యాసం ఉద్దేశం.

సరిహద్దు వచ్చి మీద పడింది

సాన్ ఆంటోనియో పట్టణానికి 1718లో స్పెయిన్ పాలకులు, క్రైస్తవ సన్యాసులు పునాది వేశారు. అంతకుముందు నుంచీ అక్కడ ఆదిమ జాతులవారు బతుకుతున్నారు. మొక్కజొన్న, చిక్కుడు, మిరప ఈ ఖండపు పంటలు. గోధుమ, పశువులు, జీలకర్ర స్పెయిన్ వారి వెంట వచ్చాయి. 1731లో కెనరీ దీవుల నుంచి వలస వచ్చిన కుటుంబాలే జీలకర్ర వాడకాన్ని తెచ్చాయని అక్కడివారు చెప్పుకుంటారు. ఇది ఎంతవరకు నిజమైనా, జీలకర్ర పాత ప్రపంచపు దినుసు, మిరప కొత్త ప్రపంచపు దినుసు అన్నది మాత్రం నిర్వివాదం. మన గుంటూరు మిరప పూర్వీకులు ఆ మెక్సికో ప్రాంతం నుంచి బయలుదేరి పోర్చుగీసు ఓడలలో మన తీరానికి చేరినవే. కనుక కలగాపులగం కాని స్వచ్ఛమైన వంట అనేది మన ఇళ్ళలోనూ లేదు.

టెక్సస్ 1836లో మెక్సికో నుంచి విడిపోయింది. 1845లో అమెరికాలో చేరింది. 1846లో యుద్ధం వచ్చింది. 1848 ఫిబ్రవరి 2న కుదిరిన గ్వాదలూపే ఇడాల్గో ఒడంబడికతో రియో గ్రాండే నది సరిహద్దు అయింది. నదికి ఉత్తరాన ఉన్న మెక్సికన్లు తమ ఇళ్ళు కదలకుండానే, పొయ్యి కూడా మార్చకుండానే మరో దేశపు ప్రజలైపోయారు. వారు సరిహద్దు దాటలేదు, సరిహద్దే వారిని దాటింది. ఆ తరువాత కోర్టు వ్యాజ్యాలతో కొన్ని, పన్ను బకాయిల పేరిట కొన్ని, తుపాకీతో కొన్ని వారి భూములు ఇంగ్లీషు మాట్లాడే కొత్తవారి చేతికి పోయాయి. నిన్నటి రైతు నేటి పశువుల కాపరి అయ్యాడు, పత్తి కూలీ అయ్యాడు.

టెక్స్-మెక్స్ అనే మాట కూడా మొదట వంటకు పుట్టింది కాదు. 1875లో అనుమతి పొంది, 1881లో టెక్సస్-మెక్సికన్ రైల్వేగా పేరు మార్చుకున్న ఒక రైలు కంపెనీకి పొట్టిపేరుగా ఆ మాట వాడుకలోకి వచ్చింది. తరువాత మనుషులకు, వారి మాటతీరుకు, ఎంతో ఆలస్యంగా వారి తిండికి అంటుకుంది. సరుకును సరిహద్దు దాటించడానికి పుట్టిన మాట మనుషులను రెండు దేశాలకూ చెందనివారుగా ముద్ర వేయడానికి ఉపయోగపడింది.

చౌకులో పొయ్యి వెలిగించినవారు

రైలు 1877లో సాన్ ఆంటోనియోకు వచ్చింది. దానితో వర్తకులు, సైనికులు, విహారయాత్రికులు దిగారు. వారి ఆకలి తీర్చినవారు మెక్సికన్ స్త్రీలు. పగలంతా ఇంట్లో కూర వండి, చీకటిపడే వేళకు బండ్ల మీద కుండలు, బల్లలు, లాంతర్లు వేసుకొని మిలిటరీ ప్లాజా అనే చౌకుకు చేరేవారు. మెస్కీట్ కట్టెల నిప్పు మీద కూరను వేడిగా ఉంచి అర్ధరాత్రి దాటేదాకా అమ్మేవారు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గర చుట్టం. పది సెంట్లకు పళ్ళెం కూర, చిక్కుడు గింజలు, రొట్టె. ఆ మాంసపు కూర పేరు చిలీ కాన్ కార్నే. దానిని అమ్మిన స్త్రీలను పత్రికలవారు చిలీ రాణులన్నారు.

ఈ రాణి బిరుదులో ఎంత గౌరవం ఉన్నదో మనం ఊహించుకోవచ్చు. ఊరికి వచ్చిన రచయితలు ఆ స్త్రీల కళ్ళను, నవ్వులను వర్ణించారు. పగలంతా రోలు ముందు మోకాళ్ళ మీద కూచొని మొక్కజొన్న రుబ్బిన చేతులను వర్ణించినవారు అరుదు. వారి చేతి కూడు తిన్న నోటితోనే వారి నడత మీద గుసగుసలు పోయారు. గురజాడ పూటకూళ్ళమ్మను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ లోకరీతి కొత్తగా చెప్పవలసిన పని లేదు. డబ్బుకు అన్నం పెట్టే ఒంటరి స్త్రీ మీద ఊరి పెద్దమనుషులకు ఆకలీ తీరదు, అనుమానమూ తీరదు.

1889లో మిలిటరీ ప్లాజాలో కొత్త నగరసభా భవనం కట్టడం మొదలయింది, 1891కి పూర్తయింది. పొయ్యిలు మరో చౌకుకు, అక్కడి నుంచి ఇంకో చౌకుకు కదిలాయి. ఈలోగా 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో సాన్ ఆంటోనియో చిలీ దుకాణం వెలిసి వేలాది మందికి ఈ రుచి చూపింది. ఇంట్లో గెంటివేస్తూ బయట ప్రదర్శనకు పెట్టడం ఈ కథలో చాలాసార్లు ఎదురవుతుంది.

పొడి, డబ్బా, పళ్ళెం

విల్లియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు సాన్ ఆంటోనియో సమీపంలోని న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో చిన్న భోజనశాల నడిపేవాడు. మెక్సికో మిరపకాయ ఏడాది పొడుగునా దొరికేది కాదు. అతడు మిరపను ఎండబెట్టి, ఇతర దినుసులతో కలిపి, మాంసం కొట్టే చేతిమరలో వేసి పొడి చేశాడు. అది 1894. రెండేళ్ళకు, 1896లో, సాన్ ఆంటోనియోలో కర్మాగారం పెట్టి ఈగిల్ బ్రాండ్ పేరిట ఆ పొడి అమ్మసాగాడు. ఆ తరువాత డబ్బాలో నింపిన కూర వచ్చింది. 1908లో అమెరికన్ గృహిణులకు మెక్సికన్ వంట నేర్పే చిన్న పుస్తకం కూడా ఆ కంపెనీ అచ్చువేసింది.

ఇందులో గెబ్‌హార్ట్ తెలివిని తక్కువ చేయనక్కరలేదు. నిలవ ఉండని దినుసును నిలవ ఉండేలా చేయడం ఉపయోగకరమైన పని. సామాజికంగా జరిగినదేమిటన్నదే ప్రశ్న. ఏ పాలు ఎంత వేయాలో వేల మంది స్త్రీల చేతులకు తెలిసిన విద్య ఒక డబ్బాలో చేరి, వ్యాపార ముద్రతో ఒకరి ఆస్తి అయింది. విద్య సమష్టిది; లాభం వ్యక్తిది. పెట్టుబడి ఎక్కడ ప్రవేశించినా మొదట చేసే పని ఇదే.

తరువాతి అడుగు హోటలు. 1900లో ఓటిస్ ఫార్న్స్‌వర్త్ అనే షికాగో వాసి సాన్ ఆంటోనియోలో ఒరిజినల్ మెక్సికన్ రెస్టారెంట్ తెరిచాడు. అసలు సిసలు మెక్సికన్ అన్న మాట పేరులోనే ఉంది; యజమాని మాత్రం మెక్సికన్ కాదు. వంట మెక్సికన్లది, కూచొని తినేవారు తెల్లవారు. కోటు లేని మగవారికి ప్రవేశం లేదు. రకరకాల పదార్థాలను ఒకే పళ్ళెంలో సర్ది, ఒకే ధరకు ఇచ్చే పద్ధతి ఇక్కడ ప్రసిద్ధమై టెక్సస్ అంతటా పాకింది. ఈనాటికీ టెక్స్-మెక్స్ హోటళ్ళలో కనిపించే కలగలుపు పళ్ళెం మూలం ఇటువంటి హోటళ్ళలోనే ఉంది.

బయట చౌకులో పది సెంట్లకు అమ్మిన కూర, లోపల తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద అదే కూర. బయట ఉన్నంతకాలం అది వింత. లోపలికి వచ్చాక మర్యాద.

1937, 1938

ఈ చరిత్రకు కీలకమైనవి ఈ రెండు సంవత్సరాలు. దేశమంతా ఆర్థికమాంద్యంలో ఉంది. ఆ దశాబ్దంలోనే లక్షలాది మెక్సికన్లను, వారిలో అమెరికాలో పుట్టిన పిల్లలను సైతం, ఉద్యోగాలు కాజేస్తున్నారనే నెపంతో సరిహద్దు దాటించారు. 1937లో సాన్ ఆంటోనియో ఆరోగ్యశాఖ చౌకులలోని చిలీ దుకాణాలను మూయించింది. గిన్నెలు కడగడానికి పారే నీళ్ళు లేవు, ఈగలు వాలుతున్నాయి అన్నది కారణం.

ఈ కారణం పూర్తిగా అబద్ధమని మనం అనబోము. పారే నీళ్ళు లేని మాట నిజమే. అయితే ఆ స్త్రీలు నివసించిన పశ్చిమపు వాడలో ఇళ్ళకే నీళ్ళు, మురుగుకాలువలు కరువు. అవి కల్పించవలసిన బాధ్యత ఎవరిది? నీళ్ళు ఇవ్వని నగరమే నీళ్ళు లేవని శిక్ష వేసింది.

అదే వాడలో మరో పరిశ్రమ ఉంది. పెకాన్ అనే గింజల పెంకు ఒలిచి అమ్మే షెడ్లు దాదాపు నాలుగు వందలు. అందులో సుమారు 12,000 మంది, ఎక్కువభాగం మెక్సికన్ స్త్రీలు, వారానికి రెండు మూడు డాలర్లకు పనిచేసేవారు. గాలి ఆడదు, మరుగుదొడ్డి లేదు, సన్నటి గోధుమరంగు ధూళి ఊపిరితిత్తులలో చేరుతుంది. ఆ రోజులలో దేశంలో లక్ష మందికి క్షయతో 54 మంది చనిపోతూ ఉంటే సాన్ ఆంటోనియోలో 148 మంది చనిపోయేవారు. బహిరంగంగా, వెన్నెల్లో వండిన కుండ ప్రజారోగ్యానికి ముప్పయింది. మూసిన షెడ్డులోని ధూళి పరిశ్రమాభివృద్ధి అయింది.

1938 జనవరి 31న ఆ షెడ్లలో సమ్మె మొదలయింది. పౌనుకు ఆరేడు సెంట్లుగా ఉన్న కూలిని ఒక సెంటు తగ్గించడం తక్షణ కారణం. ముందు నిలిచినది ఎమ్మా తెనయూకా, అప్పటికి 21 సంవత్సరాల కమ్యూనిస్టు యువతి. పోలీసులు బాష్పవాయువు వదిలారు. వందలాది మందిని జైలులో కుక్కారు. 37 రోజుల తరువాత మధ్యవర్తిత్వం జరిగి కూలి కొంత పెరిగింది. ఆ సంవత్సరమే అక్టోబరులో గంటకు 25 సెంట్ల కనీస వేతన చట్టం అమలులోకి వచ్చింది. యజమానులు యంత్రాలు దించారు. తరువాతి మూడేళ్ళలో పదివేల మందికి పైగా పని పోయింది. చట్టం గెలిచింది, చేతులు ఓడాయి. సమ్మెల చరిత్ర చదివేవారు ఈ రెండవ భాగాన్ని దాటవేయకూడదు.

1939లో మేయరుగా వచ్చిన మావరీ మావరిక్ ఆరోగ్యశాఖ పర్యవేక్షణలో చిలీ దుకాణాలను మళ్ళీ రానిచ్చాడు. ఆ ఆగస్టులోనే తెనయూకా సభకు నగర సభామందిరం ఇచ్చాడు. వేలాది మంది మూక సభ మీద పడి మందిరాన్ని ధ్వంసం చేసింది. తెనయూకా ఊరు విడవవలసి వచ్చింది. 1941లో మావరిక్ ఓడిపోయాడు. కొద్ది సంవత్సరాలలో చిలీ రాణుల పొయ్యిలు పూర్తిగా ఆరిపోయాయి. చౌకులో కూర వండుకునే హక్కు, కూలి పెంచమని అడిగే హక్కు వేర్వేరు అనుకునేవారికి సాన్ ఆంటోనియో చరిత్ర మంచి పాఠం.

కుటుంబాల హోటళ్ళు

చౌకు పోయినా వంట పోలేదు. నాలుగు గోడల మధ్యకు చేరింది. మిగెల్ మార్తినెజ్ 1918లో డల్లస్‌లో పెట్టిన చిన్న కేఫ్ ఎల్ ఫెనిక్స్‌గా పెరిగింది. 1941లో కోర్తెజ్ దంపతులు సాన్ ఆంటోనియో మార్కెట్టు దగ్గర మూడు బల్లలతో మి తియెర్రా తెరిచారు. ఆ పేరుకు నా నేల అని అర్థం. హ్యూస్టన్‌లో ఫెలిక్స్ తిహెరీనా తెల్లవారి హోటలులో ఎంగిలిపళ్ళేలు ఎత్తే పనితో మొదలుపెట్టి, 1937 నాటికి తన పేరిట హోటలు నడిపే స్థాయికి ఎదిగాడు. తెల్లవారి నాలుకకు తగ్గట్టు కారం తగ్గించి వండాడు.

తిహెరీనా మధ్యతరగతి రాజకీయాల మనిషి. లాటిన్ అమెరికన్ పౌరుల సమాఖ్యకు 1956 నుంచి 1960 దాకా జాతీయ అధ్యక్షుడు. బడిలో చేరబోయే మెక్సికన్ పిల్లలకు 400 ఇంగ్లీషు మాటలు ముందుగా నేర్పే చిన్న బడులను 1957లో ప్రారంభించాడు. సమ్మెల దారి అతనిది కాదు. ఇచ్చిన చోట ఇమిడిపోవడమే అతని దారి. ఆ దారిని విమర్శించవచ్చు. కాని ఆనాటి టెక్సస్ ఎటువంటిదో తెలియకుండా విమర్శించడం న్యాయం కాదు. 1945 ఆగస్టులో మకారియో గార్సియా అనే మెక్సికన్ సైనికుడికి యుద్ధంలో చూపిన సాహసానికి దేశపు అత్యున్నత పతకాన్ని అధ్యక్షుడు ట్రూమన్ స్వయంగా అలంకరించాడు. సెప్టెంబరులో హ్యూస్టన్ దగ్గరి ఒక కేఫ్‌లో మెక్సికన్ అయినందున అతనికి తిండి పెట్టమన్నారు. గొడవ జరిగితే కేసు పెట్టింది ఆ సైనికుడి మీద! మెక్సికన్ వంటకు తెల్లవారి బల్ల మీద చోటు ఉంది. మెక్సికన్‌కు ఆ బల్ల దగ్గర చోటు లేదు.

ఈ కుటుంబ హోటళ్ళను ఆకాశానికెత్తడం కూడా సరికాదు. ఇటువంటి హోటళ్ళు ఎక్కడైనా భార్య, పిల్లలు, చుట్టాల జీతంలేని చాకిరీ మీదనే నిలుస్తాయి. అయినా పరాయివాడి ముద్ర లేకుండా తమ వంటను తామే అమ్ముకోగలిగిన చోటు వారికి అదొక్కటే.

కూలీ వాటా

ఫహీతా కథ ఈ మొత్తం చరిత్రకు సంగ్రహం. ఫాహా అంటే స్పానిష్‌లో నడికట్టు. పశువు డొక్క లోపలి సన్నని, గట్టి కండకు ఆ పేరు. దక్షిణ టెక్సస్ పశువుల క్షేత్రాలలో గొడ్డును కోసినప్పుడు మంచి మాంసం యజమానికి. తల, పేగులు, తోలు, ఈ గట్టి కండ మెక్సికన్ కాపరులకు. అది వారి కూలిలో భాగం. వారు దానిని నిప్పుల మీద కాల్చి, అడ్డంగా సన్నగా తరిగి, రొట్టెలో చుట్టుకొని తిన్నారు. నమలరాని దానిని నమలదగినదిగా చేయడం పేదవాడు కనిపెట్టిన విద్య.

1969లో కైల్ అనే ఊరి ఉత్సవంలో సానీ ఫాల్కన్ దీనిని దుకాణం పెట్టి అమ్మాడు. 1973లో హ్యూస్టన్‌లో నిన్ఫా లారెన్జో అనే వితంతువు, అయిదుగురు పిల్లల తల్లి, తమ టోర్టియా ఫ్యాక్టరీ ముందుభాగంలో పది బల్లలు వేసి ఈ కాల్చిన మాంసాన్ని వడ్డించింది. పేరు మారుమోగింది, శాఖలు పెరిగాయి, అప్పులూ పెరిగాయి. 1990ల చివరికి ఆ వ్యాపారం ఆమె కుటుంబం చేతులు దాటిపోయింది. దేశంలోని పెద్ద హోటళ్ళన్నీ సలసలలాడే ఇనుప పెనం మీద ఫహీతా తెచ్చాయి. ఫలితంగా కాపరికి కూలి కింద పారేసిన కండ ధర ఎన్నోరెట్లు పెరిగి, ఆ కాపరుల మనుమలకే అందకుండా పోయింది.

ఇదే దారి చిన్న చిరుతిళ్ళది కూడా. 1932లో సాన్ ఆంటోనియోలో చార్లెస్ డూలిన్, గుస్టావో ఓల్గిన్ అనే మెక్సికన్ దగ్గర మొక్కజొన్న వేపుడు తయారీ పద్ధతిని, చేతియంత్రాన్ని వంద డాలర్లకు కొన్నాడని ఫ్రిటోస్ కంపెనీయే చెప్పుకుంటుంది. ఆ కంపెనీ 1961లో లే కంపెనీతో, 1965లో పెప్సీతో కలిసి మహాసంస్థ అయింది. 1967లో అదే సరుకు అమ్మడానికి మీసాలు, తుపాకులు గల మెక్సికన్ దొంగ బొమ్మను ప్రకటనలకెక్కించింది. మెక్సికన్ సంఘాల నిరసనల తరువాత 1971లో గాని ఆ బొమ్మ పోలేదు. వంద డాలర్లకు విద్య అమ్మినవాడి జాతి దొంగ అయింది!

అసలు, కల్తీ

ఇక రెండవ తీర్పు. 1972లో డయానా కెన్నెడీ మెక్సికో వంటల మీద ఇంగ్లీషులో ఒక ప్రసిద్ధ గ్రంథం ప్రచురించింది. మెక్సికో పల్లెల వంటలను ఎంతో శ్రమించి సేకరించిన ఆమె కృషి గౌరవించదగినదే. కాని సరిహద్దుకు ఉత్తరాన ఉన్న కలగలుపు పళ్ళేలను ఆమె మెక్సికన్ వంటగా ఒప్పుకోలేదు. అప్పటి నుంచి టెక్స్-మెక్స్ అన్న మాట నాసిరకానికి మారుపేరుగా స్థిరపడింది. అంతదాకా తమ హోటలు బోర్డు మీద మెక్సికన్ అని రాసుకున్న కుటుంబాలు ఒక్కసారిగా నకిలీ అయ్యాయి.

మెక్సికో పెద్దమనుషులు సైతం ఒకప్పుడు ఆ పల్లె వంటను గౌరవించినవారు కారు. 1899లో ఫ్రాన్సిస్కో బుల్నెస్ గోధుమ తినే జాతులే ముందుకు పోతాయని, మొక్కజొన్న తినేవారు వెనకబడతారని సిద్ధాంతం చేశాడు. కనుక అసలు, కల్తీ అన్న తూకపురాళ్ళు కాలాన్ని బట్టి, అధికారాన్ని బట్టి మారుతూ వచ్చాయి. రైలు పట్టాలతో, పశువుల క్షేత్రాలతో, కర్మాగారపు చీజుతో బతికిన ప్రజలు వాటినే వంటలో వేసుకున్నారు. టెక్సస్ మెక్సికన్ శ్రామికుల నూటయాభై సంవత్సరాల జీవితానికి ఇది నమ్మకమైన సాక్ష్యం. ఇంతకన్న అసలైనది మరేముంటుంది?

1977లో టెక్సస్ శాసనసభ చిలీని రాష్ట్ర అధికార వంటకంగా ప్రకటించింది. చౌకులో చివరి పొయ్యి ఆరిపోయి మూడు దశాబ్దాలు దాటింది. వంటకానికి పట్టాభిషేకం జరిగింది. రాణులు మాత్రం రాలేదు.

నేడు డల్లస్‌లో, హ్యూస్టన్‌లో చదివే, పనిచేసే తెలుగువారు వేలాదిగా ఉన్నారు. మిరపకారం, జీలకర్ర కలిసిన ఆ కూర వారి నాలుకకు పరాయిగా తోచదు. మన ఊళ్ళలోనూ రోడ్డు పక్క బండి మీద వండుకునే స్త్రీని శుభ్రత పేరిట తరిమి, ఆమె వంటనే పల్లె రుచులని బోర్డు రాసి చల్లని గదిలో పదింతల ధరకు అమ్మడం చూస్తున్నాము. శుభ్రత కావలసిందే. అందుకు నీళ్ళ కుళాయి ఇవ్వాలి, లాఠీ కాదు. ఏ వంటకం గొప్పతనాన్ని గురించి విన్నా, దానిని వండిన చేతులు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయని అడగడం మన చరిత్ర విద్యార్థులు అలవరచుకోవలసిన మొదటి పద్ధతి.